సంరక్షిత మసి

కాండ్రేగుల గవర్రాజు పుట్టి బుద్ధెరిగాక బీడీ ముక్క నోట పెట్టి ఎరగడు. దేవుడి దగ్గర భార్య సత్యవేణి రెండు అగరొత్తులు ఎక్కువ వెలిగిస్తే చాలు, తుమ్ముకుంటూ వీధిలోకి వచ్చేవాడు. అలాంటి మనిషి ఇంట్లో, ముందు గదిలోని అద్దాల బీరువా నిండా పొగాకు పైపులుండేవి. వెనకటికి దొరలు పళ్ల మధ్య కరుచుకుని, మాటల్ని ముక్కుతో మాట్లాడ్డానికి వాడిన పైపులు.

వాళ్ల ఊరు రాజులరేవు ఒకప్పుడు పెద్ద రేవు. ఓడలొచ్చేవి, ఓడల్లో దొరలొచ్చేవారు. ఓడలు మానేశాయి, దొరలు వెళ్లిపోయారు, వాళ్ల క్లబ్బు మాత్రం గబ్బిలాలను నమ్ముకుని చాలాకాలం నిలబడి, చివరికి వేలంలో పోయింది. తలుపులు కొనేవాళ్లు తలుపులు కొన్నారు, టేకు దూలాలు కొనేవాళ్లు దూలాలు కొన్నారు. ఎవరికీ అక్కర్లేని చిల్లర సామానంతా పాత ఇనుము కొనే లాల్‌జాన్ కొట్టుకి చేరింది. అందులో ఒక గోనెసంచి నిండా పైపులు.

గవర్రాజుది కట్టుడు పళ్లు చేసే పని. ఊళ్లో ఉన్న ఇద్దరు దంతవైద్యులూ అచ్చులు పంపిస్తే, ఇంటి వెనక రేకుల షెడ్డులో కూర్చుని పళ్లు తయారుచేసి ఇచ్చేవాడు. ఒకసారి మోటారుకి బెల్టు కావాలని లాల్‌జాన్ దగ్గరకు వెళ్లి, సంచిలోంచి బయటికి పొడుచుకొచ్చిన ఒక వంకర గొట్టాన్ని చూశాడు.

“ఇదేటి లాల్‌జాన్?”

“పైపు. తాగేది. తాగేవోడు లేడు. పిల్లలాడుకోడానికైనా పట్టుకెళ్తారనుకుంటే, కంపు అంటన్నారు. నీకు కావాలంటే టీ ఇప్పించి పట్టుకుపో.”

గవర్రాజు టీ ఇప్పించి పట్టుకుపోయాడు.

ఆ పైపు లోపల మసి బొగ్గులా గట్టిపడి, వేలు దూరనంత ఇరుకైపోయింది. నోట్లో పెట్టుకునే రబ్బరు ముక్క నాచు పట్టినట్టు ఆకుపచ్చగా తిరిగింది. గవర్రాజు సన్న చాకుతో బొగ్గంతా గీకాడు. లోపల ఉప్పు కూరి, స్పిరిట్టు పోసి ఒక పూట వదిలేశాడు. ఉప్పు నల్లబడేకొద్దీ పైపు తేటపడింది. గొట్టాన్ని గరుకు కాగితంతో రుద్ది, పళ్లకి మెరుగుపెట్టే చక్రం మీద పట్టాడు. ఇక చెక్కని మైనంతో తుడిచేసరికి, ఏ సీమ మొక్క వేరో కానీ, అందులోంచి మంటలు పైకి లేస్తున్నట్టు సన్నని గీతలు బయటపడ్డాయి.

“సత్యా! ఒకసారి ఇలగ రా!” అని కేకేశాడు.

సత్యవేణి తడి చేతులతో వచ్చి చూసింది. “పళ్లు అర్జెంటని డాక్టరుగారు రెండుసార్లు ఫోన్ చేసేరు. మీరు గొట్టాలు తోముకుంటన్నారా?” అంది. అని వెళ్లిపోకుండా, పైపుని చేతిలోకి తీసుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పింది. “బాగుంది,” అని ఒప్పుకుంది.

గవర్రాజుకి ఆ మాట చాలు. కట్టుడు పళ్లు ఎంత చక్కగా చేసినా, నోట్లోకి వెళ్లాక అవి ఆ మనిషి పళ్లే. మెచ్చుకోలంతా ఆ మనిషికే. పైపు అలా కాదు. బీరువాలో కూర్చుని, పొద్దున్న ఎండ పడినప్పుడల్లా గవర్రాజు వైపు చూసి మెరుస్తుంది. ఆ తరవాత వారానికో పైపు చొప్పున లాల్‌జాన్ సంచీ ఖాళీ అవుతూ, గవర్రాజు బీరువా నిండుతూ వచ్చాయి.

ఇలా ఎవరి దారిన వాళ్లుండగా, ప్రభుత్వానికి హఠాత్తుగా గతం మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ‘ఇంటింటా ఇతిహాసం’ అని ఒక పథకం పెట్టారు. అటకల మీద ఏం ఉన్నాయో కనుక్కుని కాపాడాలని ఉత్తర్వు. ఊరి విలేకరి ఒకాయన దీన్ని పట్టుకుని, ‘పొగతాగని పైపుల ప్రేమికుడు’ అంటూ పేపర్లో గవర్రాజు బొమ్మ వేయించాడు. గవర్రాజు ఆ కాగితాన్ని పటం కట్టించేలోపే, పురావస్తు సంరక్షణ కార్యాలయం జీపు వాళ్ల ఉప్పుకొటార్ల వీధిలో ఆగింది.

జీపులోంచి సహాయ సంచాలకులు ద్విభాష్యం శ్రీపతిరావుగారు దిగారు. వెనకే ఫైలు పట్టుకున్న గుమాస్తా దిగాడు. శ్రీపతిరావుగారు మాట్లాడితే అచ్చయిన ఉత్తర్వు చదువుతున్నట్టుండేది. ఇంట్లో మజ్జిగ అడగాలన్నా ‘కావున’ లేకుండా అడిగేవారు కారని చెప్పుకునేవారు.

బీరువా ముందు నిలబడి కళ్లజోడు సవరించుకున్నారు. “ఇవి శుభ్రముగా ఉన్నవి,” అన్నారు, గుండెలో ఏదో చప్పుడు వినపడిన డాక్టరులాగా.

“నేనే చేశానండి,” అన్నాడు గవర్రాజు, సంతోషం పట్టలేక.

“అంగీకరించుచున్నారు,” అన్నారాయన. గుమాస్తా రాసుకున్నాడు.

“వీటి మీద ఉండిన మసి ఏమైనది?”

“గీకేశానండి. పాచి కదండీ అదీ...”

“పాచి అనకూడదు. పురాపాచి అనవలెను.” శ్రీపతిరావుగారు వేలు ఎత్తారు. “మసి అనగా కాలపురుషుడు స్వహస్తముతో పెట్టిన సంతకము. నూరేండ్ల సంతకమును మీరు ఉప్పుతో తోమివేసినారు. పురావస్తువు యొక్క యథాస్థితికి భంగము కలిగించుట నేరము. సదరు మసి ప్రస్తుతము ఎక్కడ ఉన్నది?”

“కాలవలో పోసేశానండి.”

“ఏ కాలువ?”

గవర్రాజు వీధిలో ఇంటి ముందున్న మురుగుకాలవ చూపించాడు. శ్రీపతిరావుగారు దానివంక ఒక నిమిషం భక్తిగా చూసి వెళ్లిపోయారు.

మర్నాడు నోటీసు వచ్చింది. నెల రోజుల్లోగా పైపులన్నింటికీ ‘యథాపూర్వ మసిస్థితి’ కల్పించాలట. లేకపోతే పైపులు స్వాధీనం, గవర్రాజు మీద కేసు.

“అంటే మళ్లీ మసి పట్టించమనా?” అంది సత్యవేణి.

“అలాగే ఉంది.”

“అయితే తాగండి.”

గవర్రాజు పెరట్లో స్టూలేసుకుని, తనకు బాగా నచ్చిన పైపులో పొగాకు నలిపి పోసి వెలిగించాడు. ఒక్క దమ్ముకి కళ్లు ఎర్రబడ్డాయి. రెండో దమ్ముకి తుమ్ములు పట్టుకుని, పైపు ఒకవైపూ స్టూలు ఒకవైపూ మనిషి ఒకవైపూ పడ్డారు. గోడ అవతల చుట్ట కాల్చుకుంటున్న బంగారమ్మ ఆ గోల విని తొంగిచూసింది. బంగారమ్మకి ఎనభై దాటాయి. అడ్డపొగ అలవాటు. అంటే చుట్ట వెలిగించి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం. ఆ వీధిలో ముసలమ్మలందరూ అలాగే కాల్చేవారు.

“ఏటిరా గవర్రాజూ, సచ్చిపోతన్నావా?”

“లేదు పిన్నీ, ప్రభుత్వం పొగ తాగమంది.”

“తాగనేకపోతే నాకియ్యరాదేటి? ఇలాగ తే.”

పైపుని అందుకుని ఆవిడ, అలవాటు కొద్దీ దాన్ని తిరగేసి నిప్పు ఉన్న గిన్నె వైపు నోట్లో పెట్టుకోబోయింది. గవర్రాజు గోడ ఎక్కి ఆపాడు. ఎటునుంచి పీల్చాలో చూపించాడు. బంగారమ్మ ఒక దమ్ము లాగి, పొగని నెమ్మదిగా గోడ మీంచి వదిలింది.

“నిప్పు దూరంగా ఉంది. సలవ సేసినట్టుంది,” అని తీర్పు చెప్పింది.

ఆ రోజు నించి బంగారమ్మ గవర్రాజు పైపులు ఒక్కొక్కటే తాగి, మసి పట్టించి, గోడ మీంచి తిరిగిచ్చేది. తళతళలాడిన పైపు మళ్లీ లోపల నల్లబడి వస్తుంటే గవర్రాజు చెయ్యి దానంతటదే ఉప్పు డబ్బా మీదకి పోయేది. కానీ కేసు కేసే కదా.

గడువుకి శ్రీపతిరావుగారు వచ్చి, ఒక పైపులో చిటికెనవేలు పెట్టి తీసి చూసుకున్నారు.

“ఈ మసి యొక్క వయస్సు ఎంత?”

“పది రోజులుంటుందండి.”

“నూరేండ్ల పైపునకు పది దినముల మసి!” ఆయన వేలు వాసన చూశారు. “పైగా ఇది చుట్టపొగాకు. అసలు మసి సీమది. మీరు దేశవాళీ మసి పెట్టి ప్రభుత్వమును మభ్యపెట్ట ప్రయత్నించినారు. నకిలీ పురామసి తయారీ వేరే నేరము.”

“మరి నూరేళ్ల మసి నేనెక్కణ్ణించి తేనండీ?”

ఆ ప్రశ్న శ్రీపతిరావుగారికి నచ్చింది. అప్పటికప్పుడు తన అధ్యక్షతన ‘మసి పునఃప్రతిష్ఠాపన సంఘం’ వేశారు. సంఘం ఊరంతా తిరిగి, రేవు దగ్గర దొరలు కట్టిన పాత అతిథిగృహంలో పొగగొట్టం కనిపెట్టింది. అందులో పైపులనాటి మసి, సీమ మసి, ఎవరూ తోమని మసి. దాన్ని జాగ్రత్తగా గీకించి ఎర్ర పట్టుగుడ్డలో మూటకట్టించారు. మూట కట్టాక గుమాస్తాకి గుర్తొచ్చింది, అతిథిగృహం కూడా సంరక్షిత కట్టడమేనని. అంటే దాని పొగగొట్టం మసి గీకడం యథాస్థితికి భంగం కలిగించడమే.

శ్రీపతిరావుగారు నిబంధనల విషయంలో ఎవర్నీ ఉపేక్షించే మనిషి కారు. తనకి తాను నోటీసు పంపుకున్నారు. తపాలాలో అందుకుని, సంతకం పెట్టి, ప్రజా ప్రయోజనం దృష్ట్యా అలా చేయవలసి వచ్చిందని సంజాయిషీ రాసుకున్నారు. ఆ సంజాయిషీ చదివి తృప్తి చెందలేదు. ఇకమీదట జాగ్రత్తగా మెలగవలసిందని తనని తాను మందలించుకున్నారు. ఆ వారమంతా కార్యాలయంలో తల వంచుకుని తిరిగారని గుమాస్తా తరవాత చెప్పాడు. మూటలో మసిని మళ్లీ పొగగొట్టంలో అంటించడానికి ఇద్దరు కూలీల్ని పెట్టారు.

ఇక మిగిలింది గవర్రాజు కాలవలో పోసిన మసి. అసలైనది అదే. కాబట్టి కాలవ పక్కన నీలం బోర్డు లేచింది: ‘ఈ మురుగుకాలువ సంరక్షిత పురావశేష నిక్షేపము. పూడిక తీయుట, కదిలించుట, తొంగిచూచుట నిషిద్ధము.’ చుట్టూ ఇనుప కంచె వేశారు. కంచెకి కాపలావాణ్ణి పెట్టారు. పారలు పట్టుకుని పూడిక తీయడానికి వచ్చిన పురపాలక కార్మికుల్ని అతను వెనక్కి పంపేశాడు.

పది రోజులకి వీధిలో నడవడానికి ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. దోమలు పగలే వచ్చేవి. అంతదాకా గవర్రాజుని పలకరించే వీధి మొహం తిప్పేసుకోవడం మొదలెట్టింది.

“నువ్వు గొట్టాలు కడిగితే మా పిల్లలకి జొరాలేటిరా?” అని బంగారమ్మే నిలదీసింది, పైపు నోట్లోంచి తీయకుండా.

గవర్రాజు దోమల మందు తెచ్చి ఇల్లిల్లూ తిరిగి ఇచ్చి వచ్చాడు. కొందరు తీసుకున్నారు. కొందరు తలుపు తీయలేదు.

అప్పుడు వాన పట్టుకుంది. బంగాళాఖాతంలో వాయుగుండం. తెల్లవార్లూ కురిసిన వాన కంచెనీ బోర్డునీ పెకలించుకుని, కాలవనంతా తిరగదోడి, అందులో ఉన్నదాన్నంతా సముద్రంలో కలిపేసింది. వీధి ఇళ్లలో మోకాలి లోతు నీళ్లు. శ్రీపతిరావుగారు ప్యాంటు పైకి మడుచుకుని, గొడుగు పట్టుకుని, నీళ్లలో నిలబడి సముద్రం వైపు చూశారు.

“అది మా పరిధిలో లేదు,” అన్నారు చాలా బాధగా.

కాలవ శుభ్రపడింది, వీధి ఊపిరి పీల్చుకుంది. కానీ మసి దొరికే ఆశ ఇక లేదు కాబట్టి, వచ్చే సోమవారం పైపులు స్వాధీనం చేసుకుని జిల్లా ప్రదర్శనశాలలో పెడతామని ఉత్తర్వు వచ్చింది. కేసు మాట పై అధికారులు చూసుకుంటారట.

గవర్రాజు ఆ ప్రదర్శనశాల ఎలా ఉంటుందో చూద్దామని బస్సెక్కి వెళ్లాడు. అక్కడ ఏ వస్తువునీ గుడ్డతో తుడవరు. దుమ్ము కూడా చరిత్రే. ఒక పాత పల్లకీని చెదలు సగానికి పైగా తినేశాయి. పక్కనే చీటీ అంటించి ఉంది: ‘చెదలు ప్రాచీనమైనవి. తాకరాదు.’ గవర్రాజు దాన్ని రెండుసార్లు చదువుకుని ఇంటికి వచ్చేశాడు. అన్నం తినకుండా బీరువా ముందు కూర్చున్నాడు.

“పోతే పోనియ్యండి,” అంది సత్యవేణి. “కేసు లేకుండా పోతే అదే చాలు.”

“కేసు గురించి కాదే. ఆ వంకర పైపుంది చూడు, మొదట తెచ్చింది. దాన్ని చెదలకి పెడతారే,” అన్నాడు. సత్యవేణి అన్నం కంచం తెచ్చి బీరువా ముందే పెట్టింది. ఇన్నేళ్ల కాపురంలో కట్టుడు పళ్ల కోసం ఆయన ఎప్పుడూ అన్నం మానలేదు.

శనివారం శ్రీపతిరావుగారు పైపులు లెక్కపెట్టుకోవడానికి వచ్చారు. సత్యవేణి పెరటి గుమ్మంలో రోటి దగ్గర కూర్చుని పచ్చడి నూరుతోంది. ఆవిడ మనసులో మంటంతా పొత్రం మీద పడుతోంది.

“ఈ రోలు మా అత్తగారి అత్తగారిదండి,” అంది తల ఎత్తకుండా. “మీ పైపుల కంటే ముసల్ది. దీన్నీ పట్టుకుపోండి మరి. దీన్ని నేను రోజూ కడుగుతాను. నామీదా కేసు పెట్టండి.”

శ్రీపతిరావుగారు చిరునవ్వు నవ్వారు. తెలియనివాళ్లకి నిబంధన విప్పి చెప్పడం ఆయనకి మిఠాయి తిన్నంత ఇష్టం.

“అమ్మా, రోలు పురావస్తువు కానేరదు. ఎందుకనగా, నిత్య వినియోగములో ఉన్న వస్తువు ఎంత ప్రాచీనమైనను గృహోపకరణము మాత్రమే. దానిని యజమాని కడగవచ్చును, తోమవచ్చును, పగులగొట్టుకొనవచ్చును. శాఖకు సంబంధము లేదు. వాడుట మానివేసిన పిమ్మట మాత్రమే అది చరిత్ర.”

పొత్రం ఆగింది. సత్యవేణి తల ఎత్తి మొగుడి వైపు చూసింది. గవర్రాజు కూడా ఆవిడ వైపే చూస్తున్నాడు.

“కాఫీ తాగి వెళ్లండి,” అంది సత్యవేణి, ఎన్నడూ లేని మర్యాదతో.

ఆదివారం గవర్రాజు బీరువా తాళం తీశాడు. పైపులన్నీ బుట్టలో పెట్టుకుని గుమ్మం దాటడానికి చాలాసేపు పట్టింది. ఏ చేతుల్లో పడతాయో, ఏ గోడకేసి కొట్టి బూడిద దులుపుతారో! ఒకసారి వెనక్కి వచ్చి బుట్ట కింద పెట్టేశాడు కూడా. సత్యవేణి ఆ బుట్ట తీసి మళ్లీ చేతికిచ్చింది.

ముందు బంగారమ్మ దగ్గరకు వెళ్లాడు. సంగతంతా చెప్పి, ఆ వంకర పైపు ఆవిడ చేతిలో పెట్టాడు.

“ఇది నీదే పిన్నీ. మళ్లీ గోడ మీంచి ఇవ్వక్కర్లేదు.”

“నీకు బెంగ నేదా?”

“ఉంది.”

బంగారమ్మ పైపుని కొంగుతో తుడుచుకుంది. “పద,” అని లేచి తనే ముందు నడిచింది. ఇల్లిల్లూ తిరిగి, చుట్ట కాల్చే ప్రతి ముసలమ్మనీ ముసలాయన్నీ బయటికి పిలిచి, ఒక్కొక్క పైపు ఇప్పించింది. కొత్తవాళ్లు అలవాటు కొద్దీ నిప్పు నోట్లో పెట్టుకోబోతుంటే, “ఇటు కాదే, అటు. దొరల యవ్వారం తిరకాసు,” అని గదమాయించి నేర్పింది. దోమలప్పుడు తలుపు తీయనివాళ్లు కూడా ఆవిడ పిలిచేసరికి వచ్చారు.

సోమవారం పొద్దున్న జీపు వచ్చింది. శ్రీపతిరావుగారు దిగి, అక్కడే ఆగిపోయారు. ఉప్పుకొటార్ల వీధిలో ప్రతి అరుగు మీదా ఎవరో ఒకరు కూర్చుని, సీమ పైపు కరుచుకుని పొగ వదులుతున్నారు. కాయగూరలు తరుగుతూ ఒకావిడ, మనవరాలికి జడ వేస్తూ ఒకావిడ, వల అల్లుకుంటూ ఒక ముసలాయన. వీధంతా పొగమంచు పట్టినట్టుంది. గుమాస్తా దగ్గడం మొదలుపెట్టాడు.

శ్రీపతిరావుగారు ఆ పొగలో నడుచుకుంటూ బంగారమ్మ ముందుకి వచ్చారు. “ఈ వస్తువు... నిత్య వినియోగములో ఉన్నదా?”

“కళ్లు అగుపించవా బావూ?”

“పరిశీలన నిమిత్తము ఒకపరి ఇటు ఇవ్వవలెను.”

“నోట్లోది తీసి ఎవులికైనా ఇత్తారేటి? సిగ్గు నేదూ?” అని ఆవిడ ఆయన మొహాన్నే పొగ వదిలింది.

శ్రీపతిరావుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నిబంధన నిబంధనే. అది ఆయన నోటితో ఆయనే చెప్పారు. వీధి చివరిదాకా వెళ్లి, ప్రతి అరుగు దగ్గరా ఆగి, అడిగి, ఖాళీ బీరువా తెరిపించి చూసి, గుమాస్తాని రాసుకోమన్నారు: ‘సదరు వీధియందు పురావస్తువులేవియు లేవు. కేసు మూసివేయడమైనది.’ జీపు ఎక్కబోతూ ఎందుకో వెనక్కి తిరిగి, వల అల్లుకుంటున్న ముసలాయన్ని చూశారు. “ఎట్లున్నది?” అని అడిగారు, ఆయన జీవితంలో మొదటిసారి, ఏ ఫైలుతోనూ సంబంధం లేకుండా.

“సల్లగుంది బాబూ,” అన్నాడు ముసలాయన.

ఖాళీ అయిన బీరువాలో సత్యవేణి ఊరగాయ జాడీలు పెట్టుకుంది. గవర్రాజు దానివైపు చూడకుండా రెండు రోజులు తిరిగాడు. మూడో రోజు లాల్‌జాన్ వచ్చి ఇంకో సంచి దొరికిందన్నా, వద్దన్నాడు.

ఆ తరవాతి ఆదివారం షెడ్డు ముందు చిన్న గుంపు చేరింది. పైపు పూడుకుపోయిందని ఒకావిడ, గొట్టం కొరికేశానని ఒకాయన, పొగ రావట్లేదని ఇంకొకావిడ. వారం రోజుల్లో వాళ్లు పట్టించిన మసి దొరలు ఏళ్ల తరబడి పట్టించినదానికి తీసిపోదు. గవర్రాజు తిట్టుకుంటూనే స్టూలు లాక్కున్నాడు. ఉప్పు తెమ్మన్నాడు. స్పిరిట్టు సీసా మూత తీశాడు. చక్రం తిరిగింది. తోముతున్నంతసేపూ ఎవరో ఒకరు పక్కన నిలబడి, అక్కడ ఇంకా ఉంది, ఇక్కడ ఇంకా మెరవాలి అని చెబుతూనే ఉన్నారు. మధ్యాహ్నం భోజనానికి పిలవడానికి వచ్చిన సత్యవేణి, ఆయన ఏదో కూనిరాగం తీస్తుంటే విని, పిలవకుండానే వెనక్కి వెళ్లి అన్నం మీద మూత పెట్టింది.

అందరి తరవాతా బంగారమ్మ వంకర పైపు పట్టుకుని వచ్చింది. గవర్రాజు చాకు తీసుకుని లోపల గీకడం మొదలుపెట్టాడు.

“మరీ తోమీకురా,” అంది బంగారమ్మ. “రుసి పోతంది.”

గవర్రాజు చాకు ఆపాడు. పైపుని వెలుతురుకి ఎత్తి లోపలికి చూశాడు. ఆ మసిని అలాగే ఒక పొర ఉంచేసి, పైన మాత్రం మెరుగుపెట్టి, ఆవిడ చేతికి ఇచ్చాడు.